ఆకివీడు రండి, సంక్రాంతికి మాత్రం వద్దు

"సంక్రాంతి సెలవులకి పిల్లల్ని తీసుకుని ఆకివీడు వచ్చి కొల్లేరు చూద్దామనుకుంటున్నాం. ఎక్కడ ఉండాలి, చూడాల్సిన స్పాట్లేంటి?" అని అడిగారు కదా. నేను ఆకివీడు కోడలిని. మీకంటే ముందు మా ఆడపడుచు అడిగిన ప్రశ్నే ఇది, కాబట్టి జవాబు రెడీగా ఉంది. ముందు ఆ తేదీలు మార్చుకోండి.

పండగ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల గది దొరకదు. కోడిపందేలకి వచ్చేవాళ్ళు నెలల ముందే పట్టేసుకుంటారు. దొరికినా వాళ్ళు చెప్పిందే రేటు. ఆకివీడులో పిల్లలతో హాయిగా దిగేంత పెద్ద హోటళ్ళు లేవు, మకాం భీమవరంలోనే పెట్టుకోవాలి. పండగ జనం తగ్గాక, జనవరి ఆఖరి వారమో ఫిబ్రవరో పెట్టుకోండి. పక్షులు అప్పటికీ ఉంటాయి, గూళ్ళలో తమ పిల్లల్ని సాకుతూ ఉంటాయి. మార్చి దాటితే ఎండ, నీళ్ళు వెనక్కి పోతాయి. వానాకాలం సంగతి సరేసరి. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎక్కడెక్కడి వాగులూ వచ్చి కొల్లేట్లో పడతాయి. సముద్రంలోకి పోయే దారి మాత్రం మా ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచిన నీళ్ళు చివరికి వచ్చి చేరింది ఇక్కడికే. ఏలూరు - కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళెక్కి బండ్లు ఆగిపోయాయి.

ఇక స్పాట్లు. ఈ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వ్యూ పాయింటు, సెల్ఫీ పాయింటు, రిసార్టు అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఇక్కడ ఏమీ కనపడదు. ఇది జనం పని చేసుకునే చోటు. ఆ పని తెల్లవారుజామున మొదలై ఎండ ముదిరేలోపు సగం అయిపోతుంది. ఆ టైముకి మీరు గట్టు మీద ఉంటే కొల్లేరు చూసినట్టు, లేకపోతే రోడ్డు పక్క నీళ్ళు చూసినట్టు.

మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. పొద్దున్నే బయల్దేరదాం వదినా అని రాత్రి వంద చెప్పింది. తెల్లారాక స్నానాలు, పెసరట్లు, మళ్ళీ కాఫీలు. బయటపడేసరికి పదిన్నర. అన్నయ్యగారు ఫోన్లో మ్యాప్ పెట్టుకున్నారు. మెయిన్ రోడ్డు మీద తిన్నగా వెళ్తే కైకలూరు వస్తుంది, ఆ పక్కనే పక్షులుండే ఆటపాక. అయినా మ్యాప్ ఎడమకి తిరగమంది, ఆయన తిరిగారు. కాసేపటికి తారు పోయి మట్టి వచ్చింది. ఇంకాసేపటికి అది చేపల చెరువు గట్టని తెలిసింది. రెండు పక్కలా నీళ్ళు, టైరుకి అటూ ఇటూ జానెడు చోటు, ఎదురుగా మేత బస్తాల ట్రాక్టరు. కారులో అందరికీ టెన్షన్. లుంగీ ఎగ్గట్టిన పెద్దాయన ఒకాయన ట్రాక్టరు దిగొచ్చి, చాలా మర్యాదగా, "ఎనక్కే ఎళ్ళాలండి. ముందుకెళ్తే చెరువులోకే ఎళ్తారండి, ఆయ్" అన్నాడు. అన్నయ్యగారి చేతులు ఆడకపోతే ఆయనే స్టీరింగు పట్టుకుని, తల బయటపెట్టి చూసుకుంటూ, గట్టు వెడల్పయిన చోటుదాకా కారు వెనక్కి తెచ్చిపెట్టాడు.

అక్కడ ఆగినప్పుడే మా మేనకోడలు అసలు సంగతి చూసింది. చెరువు నిండా వరసగా కర్రలు పాతి, వాటికి సంచులు కట్టి ఉన్నాయి. సంచుల్లో తవుడు, నూనె తీశాక మిగిలిన గింజల చెక్క. అడుగున చిల్లులు. నీళ్ళు ఊరికే కదులుతున్నాయేమిటని వంగి చూస్తే, చేపలు కింద నుంచి మూతి పెట్టి ఆ చిల్లుల్లోంచి మేత లాగుతున్నాయి. ఒకతను చిన్న పడవలో కర్ర కర్రకీ వెళ్ళి ఖాళీ సంచులు విప్పుకుంటున్నాడు. "పొద్దున్నే వస్తే కట్టేటప్పుడు చూద్దురండి, మీరు ఇప్పేటప్పుడు వచ్చారండి" అన్నాడు పెద్దాయన. నేను రాత్రి చెప్పిందీ అదే, నా మాట ఎవరు వింటారు!

ఆటపాక చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గూడబాతులు, అదే పెలికాన్లు, చెట్ల మీదా వాటికోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా కూర్చున్నాయి. రెట్టలతో ఆకులు తెల్లబడిపోయి ఉంటాయి, ఆ వాసనకి సిద్ధపడి రండి. ఒక పిల్ల తల్లి నోట్లోకి మెడదాకా దూరిపోయి తింటుంటే మా ఆడపడుచు "అయ్యో, దాన్ని మింగేస్తోంది!" అని అరిచింది. ఉదయమైతే అవి వేటకి పోయి వచ్చే సందడి ఉంటుంది, వెలుగు కూడా ఫోటోలకి బాగుంటుంది. బోటు తిరుగుతోందో లేదో ముందే ఎవరినైనా కనుక్కోండి, దాని మీదే ఆశపెట్టుకుని పిల్లలకి మాటివ్వకండి. డ్రోన్లు, స్పీకర్లు దయచేసి ఇంట్లో పెట్టి రండి. రీల్ కోసం పక్షుల్ని అదిలించేవాళ్ళని చూస్తే ఆ స్టాండు మీద వాళ్ళనే కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఇంకో గొడవ. పాత సమాచారంలో కైకలూరు కృష్ణా జిల్లా అని ఉంటుంది, 2022 నుంచి ఏలూరు జిల్లా. ఆకివీడు మాత్రం పశ్చిమ గోదావరి. ఏది సరస్సు, ఏది చెరువు అన్నది కూడా కొత్తవాళ్ళకి తేలదు. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో సరస్సు లోపల తవ్విన చేపల చెరువుల గట్లు పేల్చి మరీ తీసేశారు. తరవాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. అందుకే మ్యాప్‌ని నమ్మొద్దనేది. ఆటో మాట్లాడుకోండి, ఏ గట్టు ఎక్కడ తేలుతుందో డ్రైవరుకి తెలుస్తుంది. రైల్లో వచ్చేవాళ్ళకి విజయవాడ - గుడివాడ - భీమవరం లైన్లో కైకలూరు, ఆకివీడు రెండూ స్టేషన్లే. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, చూసుకుని టికెట్ తీసుకోండి.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం కూడా కలుపుకోవచ్చు. ఫాల్గుణంలో జాతర, అప్పుడు భక్తితో రావాలి గానీ పక్షుల కోసం కాదు. ఆడవాళ్ళకి ఒక్క మాట: బయల్దేరే చోటే బాత్రూము పని చూసుకోండి. దారిలో దొరుకుతుందనుకోవద్దు, దొరికినా వాడాలనిపించదు. ఈ ముక్క ఏ మగవాడూ మీకు రాయడు.

భోజనం గురించి ఎక్కువ ఊహించుకోకండి. ఇక్కడి చేప చాలావరకు ఐసులో పడి లారీల్లో కలకత్తా వైపు వెళ్ళిపోతుంది. హోటల్లో మీ ముందుకొచ్చేది ఏ చేపో అడిగి మరీ తినండి. కొర్రమీను పులుసు కావాలంటే ఒకరోజు ముందు ఎవరింట్లోనైనా చెప్పుకోవాలి. కొనుక్కెళ్తామంటే మాత్రం పొద్దున్నే మార్కెట్లో కొని, అక్కడే శుభ్రం చేయించి, థర్మాకోల్ డబ్బాలో ఐసు నింపి టేపు గట్టిగా వేయించండి. మా ఆడపడుచు వాళ్ళు టేపు దగ్గర పది రూపాయలు మిగిల్చారు. సూర్యాపేట దాటకముందే డిక్కీలోంచి నీళ్ళు కారాయట. ఆ కారు వాసన పోలేదని ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా నన్నే అంటుంది.