మోజార్ట్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టండి

పియానోలో మూడో గ్రేడ్ అయిన మీ పాప మోజార్ట్ పియానో సొనాటా కె.545లో ఐదో బార్ (స్వరలిపిలో ఒక గడి) దగ్గరే ఆగిపోతోందన్నారు కదండీ, అందులో తన తప్పేం లేదు. 1788లో మోజార్టే దాన్ని కొత్తవాళ్ల కోసమని రాసుకున్నాడు గానీ, సరిగ్గా అక్కడే కుడిచేతికి వరసగా స్కేళ్లు (మెట్లు మెట్లుగా ఎక్కి దిగే స్వరాల వరసలు) మొదలవుతాయి. ఒక్క వేలు తడబడినా దాచుకోవడానికి చోటుండదు.

ముందు స్వరకర్త క్లెమెంటి ఓపస్ 36 సంపుటిలో మొదటి సొనాటినా (చిన్న సొనాటా) వాయించనివ్వండి. ఆ తర్వాత బీథోవెన్ ఓపస్ 49లో రెండో సొనాటా.

షీట్ మ్యూజిక్ ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది. కాకపోతే పాత ప్రతుల్లో ఎడిటర్లు చేర్చిన స్లర్లు (స్వరాల్ని కలిపి వాయించమనే వంపు గీతలు) చాలా ఉంటాయి, అవన్నీ మోజార్ట్‌వే అనుకోకండి. మోజార్ట్ సొనాటాకి మాత్రం ఉర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసినదానికి వీలైనంత దగ్గరగా ఉండే ప్రతి) కొనడమే మేలు. మిగతావి కోఠిలో జిరాక్స్ తీయించి స్పైరల్ వేయిస్తే సరి. విడి కాగితాలైతే ఫ్యాన్ గాలికి స్టాండ్ మీద నిలవవు, మా ఇంట్లో రోజూ ఇదే గోల!