సిబిల్‌లో పాత అప్పు రికార్డు పూర్తిగా చెరిపేయించవచ్చా?

క్రెడిట్ కార్డు బాకీ కట్టలేక, కొంత తగ్గించుకుని సెటిల్ చేసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎంట్రీ నిజమైనదైతే కుదరదండీ. "డబ్బులివ్వండి, సిబిల్ క్లీన్ చేస్తాం" అనేవాళ్ల చేతిలో ఏ మంత్రమూ లేదు.

వివరాలు పంపేది బ్యాంకు, దాచేది క్రెడిట్ బ్యూరో, అంటే అందరి అప్పుల చరిత్ర భద్రపరిచే సంస్థ. పైగా బ్యూరో ఒక్కటి కాదు, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగున్నాయి. కనీసం ఏడేళ్లు దాచాలని నిబంధన. ఏడేళ్లు నిండగానే చెరిపేయాలని కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. బ్యూరోలో పోయినా అప్పిచ్చిన బ్యాంకు సొంత ఫైల్లో ఉండిపోవచ్చు, మళ్లీ అక్కడికే లోన్‌కి వెళ్తే అది బయటపడుతుంది.

సిబిల్ రిపోర్టు తెరిస్తే ఒక్కో ఖాతా కింద 36 నెలల గడులు కనిపిస్తాయి. 000 అంటే టైంకి కట్టారని, 090 అంటే తొంభై రోజులు ఆలస్యమని. కొత్త నెలలు చేరేకొద్దీ పాతవి ఆ గడుల్లోంచి జారిపోతాయి. "సెటిల్డ్" అన్న ముద్ర మాత్రం అలా పోదు. తగ్గించిన మొత్తం కూడా కట్టి, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకుని, "క్లోజ్డ్" అని మార్పించమని బ్యాంకునే అడగాలి.

ఎంట్రీయే తప్పైతే కథ వేరు. బ్యూరోలో డిస్ప్యూట్, అంటే ఆ ఎంట్రీ తప్పని ఫిర్యాదు, వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలని ఆర్‌బీఐ రూలుంది.

అన్నట్టు, "రైట్ ఆఫ్" అని కనిపిస్తే మాఫీ అయిందని సంబరపడకండి, అది బ్యాంకు తన లెక్కల్లో చేసుకున్న సర్దుబాటు, బాకీ మీ పేరు మీదే ఉంది.