మూడెకరాలు తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. పీట్ నేలల్లో (నీటిలో సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేలలు) మీథేన్ వాయువు తయారుచేసే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తానంటోంది. మాకున్న మూడెకరాలు తాకట్టు పెట్టి విదేశంలో ఎంఎస్ చేయించమని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. అది మేలా, ఇక్కడ ఎమ్మెస్సీ మేలా?
- ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీరు అడిగింది రెండు దారుల పోలికే అయినా, ఉత్తరంలో నాకు కనిపించింది పేరు వినని సబ్జెక్టుతో బిడ్డ ఎటూ కాకుండా పోతుందేమోనన్న భయం. నిజానికి అది మీ పొలంలో ఉన్న సంగతే. సాగర్ కాలువ నీరు నిలిచిన వరి మడిలో కాలు పెట్టగానే బురదలోంచి లేచే బుడగల్లో మీథేన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే మీథనోజెన్లు బ్యాక్టీరియా కావు. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ బ్యాక్టీరియా నుంచి వేరు చేసి గుర్తించిన ఆర్కియా అనే సూక్ష్మజీవుల వర్గానికి చెందినవి. గోబర్ గ్యాస్ గుంతలో పనిచేసేవీ ఇవే. ఆక్సిజన్ వీటికి గిట్టదు కనుక, నీట నానిన పీట్ పొరల్లో, సగం కుళ్లిన నాచు మధ్య ఇవి బతుకుతాయి. భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్న ఆ నేలలు ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కర్బనాన్ని దాచుకున్నాయి. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే ఈ సూక్ష్మజీవుల మీద పరిశోధన అవసరం ఇప్పట్లో తీరేది కాదు.

వాతావరణ మార్పు పేరు తగిలించుకున్న విదేశీ కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. మీథనోజెన్లను పెంచడమంటే గాలి తీసేసిన సీసాల ముందు వారాలు, ఒక్కోసారి నెలలు ఎదురుచూడడం. రబ్బరు మూత పక్క నుంచి కాస్త గాలి దూరినా పని మళ్లీ మొదటికి వస్తుంది. ఆ ఓపిక ఫీజు కడితే వచ్చేది కాదు. అప్పు వాయిదాలు నెత్తిన ఉన్న పిల్లలు పీహెచ్‌డీ ఆలోచన మానుకుని, దొరికిన ఉద్యోగంలో చేరిపోవడం చాలాసార్లు చూశాను. విదేశాల్లో కూడా చాలాచోట్ల పీహెచ్‌డీకి స్టైపెండ్ ఇస్తారు. ఇక్కడ ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

కటువుగా అనిపించినా ఒక మాట అంటాను. ఎకరాల లెక్క, కన్సల్టెన్సీ మాట రాసిన మీరు, ఆ పరిశోధన మీద ఆమెకు మనసు ఎందుకు పడిందో రాయలేదు. అసలు అడిగారా?

ఎమ్మెస్సీ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేసేందుకు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో వరి పొలాల మీథేన్ సూక్ష్మజీవుల మీద పని జరిగింది. పీట్ నేలలు మన దేశంలో నీలగిరుల వంటి కొద్దిచోట్లే ఉన్నా, వరి మడిలో నేర్చిన పద్ధతులు అక్కడా పనికొస్తాయి. పరిశోధన వద్దనుకున్న రోజున బయోగ్యాస్ ప్లాంట్లలోనూ అవే అక్కరకొస్తాయి. ఈ ఏడాది ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన జామ్, సీపీగెట్ రాయనివ్వండి, వేసవిలో ఒక నెల ఏదైనా ప్రయోగశాలలో ఆ సీసాల ముందు కూర్చోనివ్వండి. పట్టా పాస్‌బుక్‌ను మాత్రం అప్పటిదాకా బీరువాలోంచి తీయకండి.