కేంద్రం రూల్స్ మారితే మా అమ్మాయి చదువు ఏమవుతుంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయికి ఎప్‌సెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లేమో ‘రెన్యూవబుల్ ఎనర్జీ’ బీటెక్‌లో చేర్పించండి, రేపంతా సోలార్‌దే అంటున్నారు. యాదాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు పక్కనే ఉంది కదా, థర్మల్ వైపు పంపమని బంధువులు. పేపరు తీస్తే కరెంటు రూల్స్ ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. ఫీజుకు అర ఎకరం అమ్మడానికైనా సిద్ధమే. ఆడపిల్ల కాబట్టి ఫీల్డు డ్యూటీలు వద్దు. మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అడ్మిషన్లు మొదలైతే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది. పైకి బ్రాంచి గురించి అడుగుతారు. లోపలి భయం వేరు: నాలుగేళ్లకు పిల్ల పట్టా పట్టుకుని వచ్చేసరికి ఢిల్లీలో ఇంకో ఉత్తర్వు వచ్చి అంతా తలకిందులైతే ఎట్లా?

ఈ భయం ఉత్తది కాదు. బొగ్గు ప్లాంట్లు గంధకం పొగను తగ్గించే ఎఫ్‌జీడీ యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన తెచ్చారు. గడువు మొదట 2017. దాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, 2025 జులైలో చాలా ప్లాంట్లకు అసలు అక్కర్లేదన్నారు. ఆ యంత్రాలనే నమ్ముకుని ఉద్యోగంలో చేరిన కుర్రాడి సంగతి ఆలోచించండి. సోలార్‌ కథా అంతే. ప్రభుత్వ జాబితాలో ఉన్న కంపెనీల ప్యానెళ్లే వాడాలన్న రూలు 2021లో మొదలైంది, 2023-24లో ఏడాదిపాటు పక్కన పెట్టారు, 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ తెచ్చారు. జీఎస్టీ 5 శాతం నుంచి 2021లో 12కు పోయి, 2025 సెప్టెంబరులో తిరిగి 5కు వచ్చింది. రాష్ట్రాల మధ్య సోలార్ కరెంటు పంపడానికి ఇచ్చిన చార్జీల మినహాయింపు, 2025 జూన్ 30 తర్వాత కట్టిన ప్లాంట్లకు మెల్లమెల్లగా తగ్గుతోంది. విద్యుత్ సవరణ బిల్లు 2022 ఆగస్టులో లోక్‌సభకు వచ్చి స్థాయీసంఘం దగ్గరే ఆగిపోయింది. 2025 అక్టోబరులో ఇంకో ముసాయిదా బయటికొచ్చింది.

అందుకే ఆ కొత్త పేరున్న బీటెక్ అంటే నాకు గుబులు. సోలార్‌కు భవిష్యత్తు లేదని కాదు. 2030కల్లా 5 లక్షల మెగావాట్ల శిలాజేతర (బొగ్గు, గ్యాసు, నూనెతో కాని) విద్యుత్ అన్న లక్ష్యం ఉండనే ఉంది. కానీ మెగావాట్లు వేరు, ఉద్యోగాలు వేరు. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు కొన్ని నెలలు సందడి. కట్టడం అయిపోయాక ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, గేటు కాడ వాచ్‌మన్, ఇన్వర్టర్లు చూసుకునే ఒకరిద్దరు. మిగతా ఇంజినీర్లు మూటాముల్లె సర్దుకుని ఇంకో సైటుకు, అదీ కాంట్రాక్టు మీద. బ్రోచరులో ఈ ముక్క ఉండదు. ఇంకోటి, ఇళ్లకు కరెంటు పంచే డిస్కంలలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) నోటిఫికేషన్ పడితే ఎలక్ట్రికల్ లేదా ఈఈఈ డిగ్రీ అని రాస్తారు. పట్టా మీద వేరే పేరుంటే, అదీ ఇదీ సమానమేనన్న కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీ అమ్మాయే, ఆ యూనివర్సిటీ ఏజెంటు కాదు. సోలార్ మీద ఇష్టముంటే ఈఈఈ చదువుతూనే నేర్చుకోవచ్చు.

యాదాద్రి సంగతి. దామరచర్లలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4000. అంత పెట్టుబడి పెట్టిన ప్లాంటును రేపో ఎల్లుండో మూసేయరు. అయితే ఇంటి పక్కన ప్లాంటు ఉన్నంత మాత్రాన ఇంట్లో ఉద్యోగం ఉన్నట్టు కాదు. ప్లాంటు నడిపే రాష్ట్ర సంస్థ జెన్‌కో పెట్టే పరీక్ష అందరికీ ఒక్కటే. థర్మల్ కోసం ప్రత్యేకంగా చదవాల్సిందీ లేదు, దానికీ ఈఈఈ పనికొస్తుంది.

కంగారు పడకండి. బొగ్గు కరెంటైనా ఎండ కరెంటైనా సబ్‌స్టేషన్‌కు రావాల్సిందే, అక్కడ ఈఈఈ వాళ్లతో పని ఉంటుంది. పగలు పొంగిపోయే సోలార్‌ను రాత్రికి దాచుకోవాలంటే పంప్డ్ స్టోరేజీ లాంటివి కావాలి, అంటే మిగులు కరెంటుతో నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లో నీళ్లను వెనక్కి తోడగల రివర్సిబుల్ టర్బైన్లు ఏడున్నాయి, ఒక్కోటి 100.8 మెగావాట్లు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మీకు తెలిసినవే. సిమెంటుకు కర్బన ఉద్గారాల లక్ష్యాలు 2025 అక్టోబరులో వచ్చాయి. ఎక్కడ ఎంత శక్తి వృథా అవుతోందో లెక్కగట్టే ఎనర్జీ ఆడిటర్‌తో వాటికి పని పడుతుంది. ఆ ఆడిటర్ పరీక్షను కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెడుతుంది, ఇంజినీరింగ్ అయ్యాక కొంత అనుభవం ఉంటే రాయొచ్చు. రూలు మారినప్పుడల్లా దాన్ని చదివి కంపెనీకి విడమరిచి చెప్పేవాళ్ల అవసరం కూడా పెరుగుతోంది.

ఇక మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. కన్వీనర్ సీటు చేతికందుతుంటే అర ఎకరం ఎందుకు అమ్ముతారు? ఢిల్లీ విధానం మారితే మళ్లీ ఇంకోటి వస్తుంది, సాగర్ ఆయకట్టులో అమ్మిన పొలం మాత్రం మళ్లీ రాదు. పైగా ‘ఫీల్డు డ్యూటీలు వద్దు’ అన్నారు. అది అమ్మాయి మాటా, మీ మాటా? ఉత్తరమంతా వెతికినా ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. ఇదే రాష్ట్రంలో, ఆడవాళ్లు స్తంభం ఎక్కలేరన్నవాళ్ల మీద హైకోర్టుకు వెళ్లి, ఎక్కి చూపించి 2022లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి ఉంది. మీ పిల్ల ఏఈ అయితే వానాకాలం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని రైతులు ఆమెకే ఫోన్ చేస్తారు, ఆమె వెళ్తుంది. అది వద్దనుకుంటే కరెంటు శాఖ వైపే చూడకండి, ఇంకో బ్రాంచి ఆలోచించండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నెట్ సెంటర్ వాళ్లకు లాగిన్ ఇచ్చేసి బయట చాయ్ తాగుతూ కూర్చోకండి. లిస్టు ముందురోజే కాగితం మీద అమ్మాయి చేత రాయించండి, ఫ్రీజ్ బటన్ కూడా ఆమెనే నొక్కనివ్వండి. ఏజెంటు ఈలోగా ‘సీట్లు అయిపోతున్నాయి, అడ్వాన్సు కట్టండి’ అని ఫోన్ చేస్తాడు. కట్టకండి.