గంజి పిండి మందుని ఎలా ఆపుతుంది?

ప్రశ్న: మా తమ్ముడు బీఫార్మసీ చేస్తున్నాడండి, కర్రపెండలం పిండితో మందు మెల్లగా వదిలే టాబ్లెట్ ప్రాజెక్టట. పిండి అలా ఎలా పనిచేస్తుంది? ఇంకోటి, అమ్మ షుగర్‌కి వేసుకునే ఎస్ఆర్ మాత్ర పెద్దది, గొంతులో పట్టేస్తోంది, నలిపి ఇవ్వచ్చా? - ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు అమ్మగారి సంగతి, దయచేసి నలపకండమ్మా. ఎస్ఆర్ అంటే గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలేది, నలిపితే మొత్తం డోసు ఒకేసారి దిగిపోతుంది. మింగలేకపోతున్నారని డాక్టర్‌కి చెప్పండి, వేరే రకం రాస్తారు.

ఇక పిండి సంగతి. సగ్గుబియ్యం పాయసం చేసేటప్పుడు ఓ గింజని గరిటెలోకి తీసి చూడండి, అది కర్రపెండలం పిండే కదా, పైనంతా అద్దంలా జిగురైపోయి మధ్యలో తెల్లచుక్క అలాగే ఉంటుంది, అంటే లోపలికి నీళ్లింకా పూర్తిగా వెళ్లలేదు. టాబ్లెట్లోనూ దాదాపు ఇంతే, పైన జిగురుపొర కడుతుంది, నీళ్లు దాన్ని దాటి లోపలికెళ్లాలి, మందు కరిగి మళ్లీ అందులోంచే బయటికి రావాలి, అందుకే లేటు. కానీ పచ్చిపిండి అలాగే కలిపితే రివర్స్, నీళ్లు తగలగానే ఉబ్బి మాత్రని విడగొట్టేస్తుంది, మామూలు మాత్రల్లో దాన్ని వేసేదే అందుకు. అందుకే ముందే ఉడికించి ఆరబెట్టడమో, పిండి అణువుల్లోని పొడవాటి గొలుసుల్ని కెమికల్‌గా ఒకదానికొకటి ముడేయడమో చేస్తారు. నాకు బాగా నచ్చేది ఇంకోటుంది, చిన్నపేగులో అరగని రకం పిండి, అది పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బాక్టీరియా తినేస్తుంది, దాంతో పూత పూస్తే మందు సరిగ్గా అక్కడే విడుదలయ్యేలా చెయ్యొచ్చు.