బడి గేటు దగ్గరికి వెళ్ళేముందు ఇది చదువు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బుజ్జిని క్లాసులో ఆడపిల్లలు జట్టులోంచి తీసేశారని, నువ్వు సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి బడి గేటు దగ్గర ఆ పిల్లల తల్లుల్ని నిలబెట్టి అడుగుతానంటున్నావని చెప్పింది. కూతురి కోసం అంత మాట అన్నావంటే నాకు గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే గుండెదడ మొదలై రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

బుజ్జి చెబుతున్నప్పుడు అడ్డు రాకు. "ముందు నువ్వేమన్నావు వాళ్ళని?" అని మొదలెట్టకు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆ వయసు పిల్ల నోరు విప్పదు, తలకి నూనె రాస్తున్నప్పుడో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడో తనంతట తనే చెబుతుంది. ఇంటికి రాగానే రోజూ "ఇవాళ మాట్లాడారా?" అని అడగొద్దు. "పట్టించుకోకు" అని అసలు అనొద్దు. పట్టించుకోకుండా ఉండగలిగితే పాపం ఏడ్చేదే కాదు.

ఇక గేటు సంగతి.

మీ అమ్మ ఏడో క్లాసులో ఉన్నప్పుడు మేం విజయనగరంలోనే అయ్యకోనేరు గట్టు దగ్గర అద్దెకుండేవాళ్ళం. వీధిలో నలుగురు ఆడపిల్లలు కలిసి బడికి నడిచి వెళ్ళేవారు, మీ అమ్మ వాళ్ళలో ఒకతె. ఉన్నట్టుండి మిగతా ముగ్గురూ చెప్పకుండా ముందే వెళ్ళిపోవడం మొదలెట్టారు. ఇది సంచి భుజాన వేసుకుని వీధి మలుపులో నిలబడి నిలబడి, ఆఖరికి బెల్లు కొట్టే వేళకి పరిగెత్తేది. తొక్కుడుబిళ్ళలోనూ ఆటలో అరటిపండుని చేసేశారు, దీని వంతు వచ్చేసరికి ఆట అయిపోయిందనేవారు. కొన్నాళ్ళు దిగమింగి, ఒక సాయంత్రం మా అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి అంతా చెప్పింది.

మీ అమ్మమ్మ కోపం నీకు తెలుసు కదా. అప్పటికప్పుడు దీని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, ఆ ముగ్గురిలో పెత్తనం చేసే పిల్ల ఇంటి అరుగు ముందు నిలబడింది. "మా పిల్లకేం తక్కువ? మీ పిల్ల ఏ మహారాజు గారి కూతురని అంత పొగరు?" అని వీధి వీధంతా వినేలా అడిగింది. ఆ తల్లికి తల కొట్టేసినట్టయింది, కూతుర్ని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చి అందరి ముందూ వీపు మీద నాలుగు వేసింది. మా అమ్మ నెగ్గాననుకుంది. ఇంటికొచ్చి మీ అమ్మకి అన్నం కలిపి పెడుతూ "రేపట్నుంచి చూడు, వాళ్ళే వచ్చి పిలుస్తారు" అంది.

ఎవరూ పిలవలేదు. అప్పటిదాకా ముగ్గురే మాట్లాడేవారు కాదు, తరవాత క్లాసంతా మానేసింది, దీన్ని కదిపితే వాళ్ళమ్మ వచ్చి తన్నిస్తుందని భయం. చాడీల పిల్ల అని పేరు పెట్టారు. సరే, ఆ ఏడాది గడిచింది, క్లాసు మారింది, వేరే స్నేహితులు దొరికారు. కానీ ఆ సాయంత్రం తరవాత మీ అమ్మ ఇంట్లో ఏదీ చెప్పడం మానేసింది. ఏమడిగినా "బాగానే ఉంది" అనేది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండగా టైఫాయిడ్ వచ్చి మంచం పడితే వార్డెన్ కార్డు ముక్క రాసేదాకా మాకు తెలియదు, అంతకుముందు వారమే "నేను క్షేమం" అని ఇది ఉత్తరం రాసింది! "చిన్నది నాకేదీ చెప్పదే" అని మా అమ్మ పోయేదాకా బాధపడింది, ఎందుకో ఆవిడకి తట్టలేదు. ఆవిడ ప్రేమతోనే చేసింది. నువ్వు చేద్దామనుకుంటున్నదీ ప్రేమతోనే, అందుకే నాకు ఇంత భయం. ఇదంతా నీకు రాయనా అని మీ అమ్మని అడిగాను. కాసేపు మాట్లాడలేదు, తరవాత "రాయి అప్పా" అంది.

బుజ్జి నీకు చెప్పుకుంది, అదే నీ చేతిలో ఉన్న పెద్ద బలం, దాన్ని పోగొట్టుకోకు. ఏం చేసినా దానికి ముందు చెప్పి చెయ్యి. "మీ టీచర్‌తో మాట్లాడతాను, నీకు ఏ విషయం భయం?" అని అడుగు. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకు, అది కూడా వీధి అరుగే.

బడికి మాత్రం వెళ్ళు. బడి వదిలాక, పిల్లలెవరూ లేనప్పుడు, క్లాస్ టీచర్‌ని ఒక్కర్నే కలువు. "అందరూ ఏడిపిస్తున్నారు" అంటే ఏ టీచరూ ఏమీ చెయ్యలేదు. ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో కాగితం మీద రాసుకెళ్ళు: గురువారం లంచ్‌లో చోటు లేదన్నారు, ప్రాజెక్టులో పేరు రాయలేదు, అలా. ఆ పిల్లల్ని శిక్షించమని అడగకు. కొట్టడం, మాటలతో హింసించడం 2009 విద్యాహక్కు చట్టమే వద్దంది, పైగా ఆ దెబ్బల కోపం కూడా మన పిల్ల మీదకే వస్తుంది. క్లాసులో నిలబెట్టి "బుజ్జితో అందరూ ఆడాలి" అని చెప్పొద్దని మరీ మరీ చెప్పు.

మాకు బీఈడీలో సాంఘికమితి అని ఒక పాఠం ఉండేది, 1930లలో మోరెనో అనే డాక్టరు అమెరికాలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఎవరి పక్కన కూర్చోవాలని ఉందో పిల్లలు చీటీల మీద రాస్తే, టీచరు ఒక్కరే చూసుకుని బాణం గీతలతో బొమ్మ గీసుకోవాలి. ఒక్క బాణమూ చేరని పిల్ల కంటికి కనబడుతుంది. చాలామంది పరీక్ష కోసం చదివి వదిలేశారు, నేను మాత్రం ఏటా చేసేదాన్ని. పెత్తనం చేసే పిల్ల వెనక తిరిగేవాళ్ళలో ఒకరిద్దరు చీటీలో ఆ పేరు రాసేవారు కాదు, ఇంకెవరో నెమ్మదైన పిల్ల పేరు రాసేవారు. అంటే జట్టులో అందరూ ఇష్టంతో లేరు, తమనీ తీసేస్తారేమోనన్న టెన్షన్‌తో ఉన్నారు. అలాంటి పిల్లనే బుజ్జి పక్కన కూర్చోబెట్టమని టీచర్‌ని అడుగు.

గ్రూప్ వర్క్‌కి జట్లు పిల్లల్నే ఎంచుకోమంటే మన పిల్ల మిగిలిపోతుంది, టీచరే వెయ్యాలి. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే బడిలో చేర్చినప్పుడు గొడవలు జరుగుతుంటే, ఆరన్‌సన్ అనే ప్రొఫెసరు పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికీ ఒక ముక్క ఇప్పించాడు. ఎవరి ముక్క వాళ్ళు నేర్చుకుని మిగతావాళ్ళకి చెప్పాలి, ఒకరి మాట ఒకరు వినకపోతే పరీక్ష రాయలేరు. సాంఘికశాస్త్రం పాఠానికి ఇది చక్కగా కుదురుతుంది, నేను చేసి చూశాను.

పాత జట్టులోకి తిరిగి చేర్చాలని పంతం పట్టకు. పిల్లకి ఒక్క నేస్తం చాలు. రాబోయే సిరిమాను జాతరకి ఆ పిల్లలంతా కలిసి వెళ్దామనుకుని దీన్ని పిలవలేదట కదా, దానికే ఎక్కువ ఏడ్చిందని మీ అమ్మ అంది. పైడితల్లి గుడి నుంచి కోటకి సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా నువ్వూ దాని పక్కనే ఉండు, ఇంకో పిల్లని వాళ్ళ అమ్మని అడిగి వెంట తీసుకెళ్ళు, జీళ్ళు కొనిపెట్టు. మిగతా పిల్లలు ఎదురుపడితే నవ్వి పలకరించు. మొహం తిప్పుకోకు, దాని ముందు అసలే వద్దు.

బడి కాక ఇంకో చోటు కూడా దానికి ఉండాలి. ఊళ్ళోనే సంగీత కళాశాల పెట్టుకుని ఎక్కడెక్కడో వెతకడం దేనికి? 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. బుజ్జి గొంతు బాగుంటుంది, చేరడానికి ఏ వయసు ఉండాలో, క్లాసుల వేళలేంటో కనుక్కో.

పొద్దున్నే కడుపునొప్పి, తినకుండా తిరిగొచ్చే లంచ్ బాక్సు, నిద్ర పట్టకపోవడం, ఇవి వారాల తరబడి ఉంటే ఆగకు. పిల్లల డాక్టరుకి చూపించు. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చెయ్యి చేసుకున్నా, కులం పేరెత్తి అన్నా మాత్రం ఈ నెమ్మదంతా పక్కన పెట్టి నేరుగా హెడ్‌మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వు, అప్పుడు నేనూ వస్తాను శ్రీకాకుళం నుంచి. బడి మార్చడం ఇప్పుడే వద్దు. టీచర్‌కి నెలరోజులు టైం ఇవ్వు, మధ్యలో ఒకసారి వెళ్ళి కనుక్కో, అప్పటికీ వాళ్ళకి పట్టకపోతే మార్చేయ్, అందులో ఓడిపోయినట్టేం లేదు.

మీ ఆయనకి కూడా ఇది చదివించు, "చిన్నప్పుడు ఇవన్నీ మామూలే" అని పిల్ల దగ్గర అనకుండా ఉంటారు. సోమవారం సెలవు ఎలాగూ పెట్టావు కాబట్టి పొద్దున్న కాస్త పడుకో, నువ్వూ సరిగ్గా తినట్లేదట. సాయంత్రం టీచర్‌ని కలిసొచ్చాక ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ