లోకమంతా కట్టాకే రాస్తానంటే

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పాటు నీ ఫాంటసీ నవల కోసం తయారుచేసి పంపిన మ్యాపులు, రాజవంశాల పట్టిక అన్నీ తీరిగ్గా చూశాను. నదుల్ని పుట్టిన కొండ నుంచి సముద్రం దాకా ఎంత శ్రద్ధగా గీశావో చూసి ముచ్చటేసింది. కానీ నీ బాధ వేరు. నాలుగో అధ్యాయం దగ్గర కథ ఆగిపోయి నెలలవుతోందనీ, కూర్చున్నా చెయ్యి ఆడటం లేదనీ, అసలు నీకు రాసే శక్తే లేదేమోననీ రాశావు. మొదటి మూడు అధ్యాయాలు చదివినవాళ్లెవరూ ఆ మాట అనరు.

నాకు తోచింది చెప్తాను. మామూలు నవలలో వీధి, ఆఫీసు, బస్సు ముందే ఉంటాయి, మనుషుల్ని తెచ్చి నిలబెడితే చాలు. ఫాంటసీలో, అంటే మంత్రాలుండే ఊహాలోకపు కథలో, కాళ్ల కింద నేల కూడా మనమే వెయ్యాలి. అందుకే కూర్చున్న ప్రతిసారీ ఆ లోకం బరువంతా నెత్తిన పడుతుంది. ఆ టెన్షన్ పడలేక మనసు తేలికైన పని వెతుక్కుంటుంది. ఇంకో మ్యాపు, ఇంకో లిపి, ఇంకో వెయ్యేళ్ల చరిత్ర. పని జరుగుతున్నట్టే ఉంటుంది, అలసట కూడా వస్తుంది. కథ మాత్రం అంగుళం కదలదు.

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన ఫాంటసీ నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదలుపెట్టింది 1937 డిసెంబరులో. పూర్తయ్యేసరికి 1949 వచ్చింది, అచ్చయింది 1954, 55లలో. ఆ ఊహాలోకపు పురాణాలూ భాషలూ ఆయన దగ్గర అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే తయారవుతున్నాయి. అయినా సత్రంలో ఓ మూల కూర్చున్న అపరిచితుడు, చివరికి రాజయ్యే అరగోర్న్, ఎవరన్నది ఆ ఘట్టం రాసేటప్పుడు ఆయనకే తెలియదు. తొలి చిత్తుప్రతుల్లో అతను మనిషి కూడా కాదు, చెక్క బూట్లేసుకున్న హాబిట్, అంటే ఆయన కల్పించిన పొట్టి జాతివాడు. పేరు ట్రాటర్. ఆ బూట్లతోనే కథని ముందుకి నడిపించాడాయన. వీడెవడో తేలాకే రాస్తానని ఆగిపోయి ఉంటే ఆ రాజు మనకి దక్కేవాడు కాదని నా గట్టి నమ్మకం.

నీ నాలుగో అధ్యాయం సంగతికొద్దాం. కోట తలుపు దగ్గర నీ కథానాయిక నిలబడి ఉంది, తెల్లారేలోగా లోపలికి వెళ్లాలి. ఈ ఒక్క ఘట్టానికి నీకేం కావాలి? కాపలావాడు దేనికి భయపడతాడో తెలియాలి. మంత్రం వాడితే ఆమె ఏం పోగొట్టుకుంటుందో తెలియాలి. అది లేకపోతే తలుపు ఊరికే తెరుచుకుంటుంది, చదివేవాడికి పట్టింపు ఉండదు. కోట కట్టించిన రాజు ముత్తాత పేరు ఇవాళ అక్కర్లేదు. మధ్యలో ఏదన్నా పేరు తట్టకపోతే బ్రాకెట్లో 'నది పేరు' అని రాసేసి ముందుకెళ్లిపో. పేరు కోసం ఆగితే ఆ పూట ఊపు పోతుంది.

రాస్తూ తేల్చుకున్నవి మాత్రం అదే రోజు ఒక నోట్‌బుక్‌లో ఎక్కించు. ఎవరి కళ్లు ఏ రంగు, ఏ ఊరికి ఎన్ని రోజుల ప్రయాణం, మంత్రానికి హద్దులేమిటి, ఆ రాత్రి చంద్రుడు ఎలా ఉన్నాడు. నీ మొదటి అధ్యాయంలో నిండు పున్నమి ఉంది. పది రోజుల తర్వాత జరిగే మూడో అధ్యాయంలో మళ్లీ పున్నమి వచ్చేసింది. పున్నమికీ పున్నమికీ మధ్య దాదాపు 29న్నర రోజులుండాలి. నీ లోకానికి ఇద్దరు చంద్రులున్నారంటే అభ్యంతరం లేదు, కానీ ఆ మాట నోట్‌బుక్‌లో ఉండాలి, కథలో కనపడాలి.

ఇక అలవాటు. రోజూ ఒకే వేళకి కూర్చో, అది ఏ వేళైనా సరే. 300 మాటలు చాలు. వారానికి ఐదు రోజులు రాసినా ఏడాదికి 78,000 అవుతాయి, అంటే ఒక నవల. తర్వాత ఏం జరగబోతోందో తెలిసినప్పుడే ఆపెయ్, ఆ తర్వాతి సంగతి ఒక్క లైన్లో కింద రాసిపెట్టు. మర్నాడు ఖాళీ పేజీతో తలపడే పని తప్పుతుంది. మూడ్ లేని రోజున నిన్నటి పేజీ ఒక్కటి చదివి, అందులో నచ్చని వాక్యం సరిచెయ్. చాలాసార్లు అక్కడి నుంచే చెయ్యి కదులుతుంది. ఒక రోజు తప్పిపోతే మర్నాడు 600 రాయాలని పంతం పట్టకు. అప్పు పెరుగుతున్నట్టనిపించి కుర్చీ వైపే వెళ్లబుద్ధి కాదు.

ఉత్సాహం నిలబడ్డానికి ఇంకొక్కటి కావాలి: చదివే మనిషి. టోల్కీన్‌కి చాలాకాలం ఆయన స్నేహితుడు, తోటి రచయిత సి. ఎస్. లూయిస్ ఒక్కడే శ్రోత. ఆయన ప్రోత్సాహం లేకపోతే ఆ నవల పూర్తయ్యేదే కాదని టోల్కీన్ స్వయంగా చెప్పుకున్నాడు. పదిమందికి పంచిపెట్టకు, పది అభిప్రాయాలొచ్చి కథ పది దారుల్లో పోతుంది. ఇలాంటి కథలంటే ప్రాణం పెట్టే ఒక్కరిని చూసుకో. అధ్యాయం పూర్తయినప్పుడల్లా ఇవ్వు. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. ఎక్కడ విసుగొచ్చిందో, తర్వాత ఏమవుతుందని అనుకుంటున్నారో ఆ రెండే అడుగు. వాళ్ల ఊహ నీ కథ కంటే బాగుంటే దాన్ని కూడా రాసి పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు